జెఫ్ కోరీ: పన్నెండేళ్ళ నిషేధం, ఒక గ్యారేజీ బడి

1960లు, 70ల నాటి హాలీవుడ్ సినిమాలు నాలుగైదు చూసినవారెవరికైనా జెఫ్ కోరీ ముఖం తెలిసే ఉంటుంది. పేరు తెలిసి ఉండకపోవచ్చు. బక్కపలచని ముఖం, గుబురు కనుబొమలు, ఎదుటివాడిని తూకం వేస్తున్నట్టుండే చూపు. ఒక్క 1969లోనే రెండు పెద్ద వెస్టర్న్ సినిమాల్లో కనిపించాడు. ‘ట్రూ గ్రిట్’లో కథ నడిపే అమ్మాయి తండ్రిని కాల్చి చంపే టామ్ చేనీ ఆయనే. ‘బుచ్ క్యాసిడీ అండ్ ది సన్‌డాన్స్ కిడ్’లో ఆ ఇద్దరు దొంగల మీదా అభిమానం చంపుకోలేని షెరీఫ్ కూడా ఆయనే. ఇలాంటి పాత్రలు చేసేవాళ్ళను క్యారెక్టర్ ఆర్టిస్టులంటారు. సినిమా వీళ్ళ భుజాల మీద నడుస్తుంది, పోస్టరు మీద మాత్రం వీళ్ళుండరు.

ఆయన సినిమాల పట్టిక తిరగేస్తే 1951 తర్వాత చప్పున ఆగిపోతుంది. మళ్ళీ మొదలయ్యేది 1963లో. కమ్యూనిస్టులన్న అనుమానం పడ్డవాళ్ళకు స్టూడియోలు పని ఇవ్వకుండా పెట్టిన నిషేధం, అంటే బ్లాక్‌లిస్ట్, దానికి కారణం. ఆ మధ్యకాలంలో హాలీవుడ్‌లో తన ఇంటి గ్యారేజీలో నటన పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. ఆ గ్యారేజీకి వచ్చిన కుర్రాళ్ళలో జాక్ నికల్సన్ ఉన్నాడు, లెనార్డ్ నిమాయ్ ఉన్నాడు, తర్వాత స్క్రీన్‌ప్లే రచనలో పెద్ద పేరైన రాబర్ట్ టౌన్ ఉన్నాడు. అందుకే కోరీ కథ చెప్పేవాళ్ళు తరచుగా దాన్ని ఒక తీరులో ముగిస్తారు: నిషేధం ఒక నటుణ్ణి తొక్కేసింది గానీ ఒక గొప్ప గురువును తయారుచేసింది, చెడులో మంచి జరిగింది అని. వినడానికి బాగుంటుంది. లెక్కలు చూస్తే అంత కుదరదు.

కోరీ అసలు పేరు ఆర్థర్ జ్వెర్లింగ్. 1914 ఆగస్టు 10న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. ఫేగిన్ నాటక పాఠశాలలో స్కాలర్‌షిప్ మీద చదువుకున్నాడు. 1936లో లెస్లీ హోవార్డ్ ప్రదర్శించిన ‘హామ్లెట్’లో చిన్న వేషం వేశాడు. ఆ తర్వాత భార్య హోప్‌తో కలిసి లాస్ ఏంజెలెస్ చేరాడు. 1940ల మొదట్లో ఆయనకు దొరికినవి చాలావరకు చిన్న వేషాలే.

అసలు పట్టు 1940ల రెండో సగంలో కనిపిస్తుంది. ‘ది కిల్లర్స్’ (1946)లో బ్లింకీ అనే చిల్లర దొంగ పాత్ర. ఆస్పత్రి మంచం మీద చావుబతుకుల మధ్య సంధిలో ఏదేదో మాట్లాడుతుంటాడు, పక్కన కూర్చున్నవాళ్ళు ఆ ముక్కల్లోంచి నిజం ఏరుకుంటుంటారు. పడుకుని, కదలకుండా, తెగిపోయిన వాక్యాలతో కథను ముందుకు తొయ్యాలి. మరుసటి ఏడు జూల్స్ డాసిన్ తీసిన ‘బ్రూట్ ఫోర్స్’లో జైలు ఖైదీ వేషం. తోటి ఖైదీలు పారిపోయే పథకం వేస్తుంటే ఆ సంగతి పైవాళ్ళకు చేరవేసే ద్రోహి. చివరికి ఆ ఖైదీలే అతన్ని తోపుడు బండి ముందు భాగానికి కట్టి తుపాకుల ఎదురుగా పంపిస్తారు. పేర్లు చెప్పినవాడికి పట్టిన గతి అది. నాలుగేళ్ళు తిరిగేసరికి నిజజీవితంలో ఇదే ప్రశ్న కోరీ ముందుకు వచ్చింది. దీన్ని జోస్యంలా చెప్పడం అతి అవుతుంది గానీ ఆ సినిమా ఇప్పుడు చూసేవాళ్ళకు ఆ సంగతి గుర్తురాకుండా ఉండదు.

నటన గురువుగా ఆయన ఏం చేయబోతున్నాడో ముందే చూపించిన పాత్ర మాత్రం 1949 నాటి ‘హోమ్ ఆఫ్ ది బ్రేవ్’లోది. యుద్ధంలో కాళ్ళు పనిచేయకుండా పోయిన నల్లజాతి సైనికుడికి చికిత్స చేసే మిలిటరీ మానసిక వైద్యుడిగా నటించాడు. ఆ సైనికుడి శరీరానికి గాయమేమీ లేదు, దెబ్బ మనసుకు తగిలింది. వైద్యుడి పనల్లా అడగడం, వినడం, సరైన చోట కవ్వించడం. సినిమా పొడుగునా ఎదుటి నటుడి చేత నటింపజేసే పాత్ర అది. తెర మీద ఇలాంటి పాత్రకు చప్పట్లు పడవు. కానీ తరగతి గదిలో మంచి గురువు చేసేదంతా సరిగ్గా ఇదే.

అప్పటికే ఆయనకు బోధన వాతావరణం కొత్త కాదు. 1930ల న్యూయార్క్‌లో రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ నటనా పద్ధతిని అమెరికాకు అలవాటు చేసిన గ్రూప్ థియేటర్ నటులు కొందరు పడమటి తీరానికి వచ్చి 1941లో యాక్టర్స్ ల్యాబ్ అనే సంస్థ పెట్టారు. దాన్ని నిలబెట్టినవాళ్ళలో కోరీ ఒకడు. పాత్ర పైపై లక్షణాలు పట్టుకుని నటించడం కాదు, ఆ మనిషికి ఈ క్షణంలో ఏం కావాలో పట్టుకోవాలి అనేది అక్కడి పాఠం. సంస్థలో వామపక్ష అభిమానులు చాలామంది ఉండటంతో కాలిఫోర్నియా రాష్ట్ర సెనేటర్ జాక్ టెన్నీ నడిపిన విచారణ సంఘం కన్ను దాని మీద పడింది. ఆ దెబ్బకు ల్యాబ్ 1950కల్లా మూతపడింది. కోరీ గ్యారేజీలో చెప్పిన పాఠాల వేళ్ళు ఇక్కడున్నాయి. నిషేధం రాకముందే ఆ విద్య ఆయన చేతిలో ఉంది.

మధ్యలో యుద్ధం. నౌకాదళంలో ఫొటోగ్రాఫర్‌గా యార్క్‌టౌన్ విమానవాహక నౌక మీద పనిచేశాడు. జపాన్ ఆత్మాహుతి విమానం ఆ నౌక మీదికి దూసుకొస్తుంటే పక్కకు తప్పుకోకుండా కెమెరా తిప్పుతూనే ఉన్నాడు. ఆ దృశ్యాలకు 1945 అక్టోబరులో నౌకాదళం ప్రశంసాపత్రం ఇచ్చింది. ఆరేళ్ళు తిరక్కుండానే అదే ప్రభుత్వం తరఫున వాషింగ్టన్ నుంచి సమన్లు వచ్చాయి.

ఆ సమన్లు పంపింది అమెరికా ప్రతినిధుల సభకు చెందిన హౌస్ అన్-అమెరికన్ యాక్టివిటీస్ కమిటీ. సినిమా రంగంలో కమ్యూనిస్టులున్నారంటూ ఈ కమిటీ 1947లో మొదటిసారి విచారణ జరిపింది. అప్పుడు జవాబు చెప్పనన్న పదిమంది రాజ్యాంగంలోని మొదటి సవరణను, అంటే వాక్ స్వాతంత్ర్యాన్ని, అడ్డం పెట్టుకున్నారు. కోర్టులు ఒప్పుకోలేదు, పదిమందీ జైలుకెళ్ళారు. 1951లో రెండో విడత మొదలయ్యేసరికి సాక్షులకు మిగిలిన దారి ఐదో సవరణ ఒక్కటే: నాకు నేనే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పను అనే హక్కు. దాంతో జైలు తప్పుతుంది గానీ ఉద్యోగం పోతుంది. పోనీ నా గురించి చెబుతాను, పక్కవాళ్ళ పేర్లు చెప్పను అంటే అదీ కుదరదు. తన గురించి నోరు విప్పినవాడు మిగతా ప్రశ్నలకు జవాబు ఎగ్గొట్టలేడని అదే ఏడాది సుప్రీంకోర్టు ఒక కేసులో తేల్చేసింది. కాబట్టి నోరు విప్పితే అందరి పేర్లూ చెప్పాలి, లేదంటే పూర్తిగా మూసుకోవాలి.

కోరీ మూసుకున్నాడు. అదీ మర్యాదగా కాదు. 1951 సెప్టెంబరులో కమిటీ ముందు కూర్చుని, అంతకుముందు సాక్ష్యమిచ్చినవాళ్ళు ఎలా నటించారో సమీక్ష చేసి వెటకారం చేశాడని చెబుతారు. ఆ నాటికి ఆయనకు కమ్యూనిస్టు పార్టీ రాజకీయాల మీద ఆసక్తి కూడా పెద్దగా మిగల్లేదు. మాజీ ఎర్రవాళ్ళమే గానీ మాలో చాలామంది ఎప్పుడో బయటికి వచ్చేశాం, కమిటీకి కావలసిందల్లా మరికొన్ని సమన్లు పంపడానికి రెండు కొత్త పేర్లు, అన్నట్టుగా తర్వాతి రోజుల్లో మాట్లాడాడు. అంటే ఆయన నిలబడింది సిద్ధాంతం కోసం కాదు. తెలిసిన మనిషిని పట్టివ్వను, అంతే. ఇది హీరోయిజం కన్నా మామూలు విషయం, అందుకే ఇంకా గట్టిది కూడా.

అదే 1951లో ఆయన ‘సూపర్‌మ్యాన్ అండ్ ది మోల్ మెన్’లో కనిపిస్తాడు. భూమి లోపలి నుంచి పైకి వచ్చిన వింత మనుషులను చూసి ఊరు భయపడిపోతుంది. ఆ భయాన్ని రెచ్చగొట్టి, తుపాకులు పట్టించి, గుంపును వెంటేసుకుని బయల్దేరేది కోరీ పాత్రే. ఇంకెవరైనా వేసి ఉంటే అది పిల్లల సినిమాలో ఒక విలన్ వేషం. ఆ ఏడాది ఆయన వేయడం వల్ల దానికి మరో అర్థం వచ్చిపడింది.

బ్లాక్‌లిస్ట్‌లో పడ్డ రచయితకీ నటుడికీ తేడా ఉంది. రచయిత పేరు మార్చుకోవచ్చు. జైలుకెళ్ళిన ఆ పదిమందిలో ఒకడైన డాల్టన్ ట్రంబో బయటికి వచ్చాక మారుపేర్లతో రాస్తూనే ఉన్నాడు. రాబర్ట్ రిచ్ అనే పేరుతో రాసిన ‘ది బ్రేవ్ వన్’ కథకు ఆస్కార్ వస్తే తీసుకోవడానికి మనిషే లేడు. నటుడికి ఆ వీలు ఎక్కడిది? అతని సరుకంతా ముఖం, గొంతు. వాటికి మారుపేరు పెట్టడం కుదరదు. పైగా ఫలానావాళ్ళ మీద నిషేధం ఉందని ఏ స్టూడియో రాతపూర్వకంగా చెప్పేది కాదు. ఫోన్లు ఆగిపోయేవి. ఏజెంటు మొహం చాటేసేవాడు. పోట్లాడాలన్నా ఎవరితో పోట్లాడాలో తెలియదు. 1960లో ట్రంబో పేరు తెర మీద పడి రచయితల నిషేధానికి గండి కొట్టినా నటులు చాలామంది ఇంకా బయటే ఉన్నారు.

ముగ్గురు ఆడపిల్లల తండ్రి కోరీ. ముందు కూలిపనులకు వెళ్ళాడు. మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చే చదువు సాయంతో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ)లో చేరి స్పీచ్ థెరపీ చదివాడు. మాట తడబడేవాళ్ళకు మాట నేర్పే విద్య అది. ఊపిరి ఎక్కడ ఆగుతోంది, మాట రాకముందు ఒంట్లో ఏ భాగం బిగుసుకుంటోంది అని గమనించడం అందులో సగం పని. నటన నేర్పేవాడికి ఇంతకన్నా పనికొచ్చే చదువు దొరకడం కష్టం. ఇంటి వెనక గ్యారేజీలో చిన్న స్టేజీ కట్టి క్లాసులు మొదలుపెట్టాడు. నటన నేర్పడానికి ఏ స్టూడియో అనుమతీ అక్కర్లేదు. ముఖం తెర మీద పడదు. నిషేధం అందుకోలేని మూల అదొక్కటే.

ఆ క్లాసులో ఏం జరిగేది? దీని గురించి పనికొచ్చే మాట చెప్పింది నటుడు కాదు, రచయిత రాబర్ట్ టౌన్. అక్కడ ఇంప్రొవైజేషన్, అంటే ముందే రాసిపెట్టిన మాటల్లేకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ నటించడం, చేసేటప్పుడు ఒక సందర్భం ఇస్తారు. ఉదాహరణకు ఒకడు ఒక అమ్మాయిని వలలో వేసుకోవాలని చూస్తున్నాడు. ఆ విషయం మాత్రం నోటితో అనకూడదు. చిన్నప్పటి బొమ్మ గురించి మాట్లాడొచ్చు, బల్ల మీదున్న తిండి గురించి మాట్లాడొచ్చు. చూసేవాళ్ళకు మాత్రం అతని దృష్టంతా ఎక్కడుందో అర్థమైపోవాలి. నికల్సన్ ఇందులో దిట్ట అనీ, అతన్ని చూస్తూనే డైలాగు ఎలా రాయాలో తనకు తెలిసొచ్చిందనీ టౌన్ చెప్పుకున్నాడు. అదే టౌన్ 1974లో నికల్సన్ హీరోగా వచ్చిన ‘చైనాటౌన్’ రాసి ఆస్కార్ గెలిచాడు. ఆ సినిమాలో ఎవరూ అసలు విషయం నేరుగా మాట్లాడరు.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో కొంచెం దగ్గరగా చూడాలి. కొడుకు తండ్రి దగ్గరికి అప్పు అడగడానికి వచ్చాడనుకుందాం. కొత్త నటుడికి ఆ సీను ఇస్తే మొదటి మాట నుంచే దీనంగా ముఖం పెడతాడు. చూసేవాడికి మొదటి నిమిషంలోనే అంతా తెలిసిపోతుంది, ఇక చూడటానికేమీ మిగలదు. అదే కొడుకు కుర్చీ కాలు ఊగుతోందని వంగి చూస్తే, నాన్న ఆరోగ్యం గురించి అవసరానికి మించి అడిగితే, వెళ్తానని లేచి మళ్ళీ కూర్చుంటే? మాట ఒక దారిన, మనసు ఒక దారిన పోతుంటే ఆ రెంటి మధ్య దూరాన్ని ప్రేక్షకుడు పూడ్చుకుంటాడు. ప్రేక్షకుడికి పని దొరికిన చోటే సీను పండుతుంది. దీనికి సిద్ధాంతం పేరు ఏదైనా పెట్టొచ్చు. కోరీకి ఇది వేషాల్లోంచి వచ్చిన జ్ఞానం. క్యారెక్టర్ ఆర్టిస్టుకు రెండు మూడు సీన్లే ఉంటాయి, అతని గతం ఎవరూ రాయరు. డైలాగులో లేని మనిషిని డైలాగు చుట్టూ కట్టుకోవలసిందే. హీరోకి స్క్రిప్టు ఇచ్చేదంతా ఇతను జేబులోంచి పెట్టుకోవాలి. ఆ జేబు ఎలా నింపుకోవాలో ఆయన నేర్పాడు.

నటులు మాత్రమే రావడం లేదన్నది ఆ గ్యారేజీలో గమనించాల్సిన సంగతి. తక్కువ ఖర్చుతో చకచకా సినిమాలు తీసే రోజర్ కోర్మన్, నటుల చేత పని చేయించుకోవడం తెలియాలని తనే విద్యార్థిగా వచ్చి కూర్చున్నాడు. నికల్సన్ అతనికి పరిచయమైంది అక్కడే. ‘ది క్రై బేబీ కిల్లర్’ (1958)తో నికల్సన్ తెరకెక్కింది కోర్మన్ చలవతోనే. తర్వాత ‘ఫైవ్ ఈజీ పీసెస్’ రాసిన కరోల్ ఈస్ట్‌మన్ కూడా ఆ క్లాసు మనిషే. నటుడు, రచయిత, దర్శకుడు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే అభ్యాసం చేయడం స్టూడియో పద్ధతిలో జరిగేది కాదు. 1970లలో అమెరికన్ సినిమా మాట తీరు మారింది. డైలాగు పక్కదారి పట్టి, తడబడి, మధ్యలో ఆగిపోవడం నేర్చుకుంది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. ఈ గ్యారేజీ వాటిలో ఒకటి అనడం అతిశయోక్తి కాదు.

నికల్సన్‌తో ముడిపడిన ఒక కథ ఆ రోజుల నుంచి తిరుగుతోంది. నీ నటనలో కవిత్వం కనపడటం లేదు అని కోరీ విసుక్కుంటే, నేను చూపిస్తున్న కవిత్వం మీకు కనపడటం లేదేమో అన్నాడట కుర్రవాడు. దీన్ని నికల్సన్ పొగరుకు ఉదాహరణగా చెబుతుంటారు. గురువు వైపు నుంచి చూస్తే ఇంకోలా ఉంటుంది. అలా అనగలిగే చనువు ఉన్న క్లాసు అది. అన్నాక కూడా ఆ శిష్యుడు క్లాసు మానలేదు. నటనంటే జీవితాన్ని చదవడమేనని తనకు అర్థమైంది కోరీ దగ్గరేనని నికల్సన్ ఆ తర్వాత చెప్పాడు.

ఇక్కడే ఈ కథలో ఎక్కువ కోపం తెప్పించే భాగం వస్తుంది. ఆయన్ను తమ సెట్లోకి అడుగుపెట్టనివ్వని స్టూడియోలే తమ నటులను ఆయన దగ్గరికి పాఠాలకు పంపేవి. నీ ముఖం మాకు వద్దు, నీ తలలో ఉన్నది మాత్రం కావాలి అన్నట్టు. అంటే కమ్యూనిస్టు ప్రమాదం అనే మాటను వాళ్ళెవరూ నిజంగా నమ్మలేదనే కదా? ఒక మనిషి దేశానికి ముప్పు అనుకుంటే ఆ మనిషి చేతికి కుర్రాళ్ళ బుర్రలు అప్పగిస్తారా? బ్లాక్‌లిస్ట్ నడిచింది నమ్మకంతో కాదు, భయంతో. స్పాన్సర్ల భయం, పత్రికల భయం, థియేటర్ల ముందు ధర్నాల భయం. గ్యారేజీ లోపల ఏం జరిగినా ఆ భయానికి పట్టలేదు, ఎందుకంటే అక్కడ టైటిల్స్ పడవు.

1963లో తలుపు తెరుచుకుంది. ‘ది బాల్కనీ’ అనే స్వతంత్ర చిత్రంలో వేశాడు, నిమాయ్ కూడా అందులో ఉన్నాడు. స్టూడియో సినిమా విషయానికొస్తే ‘ది ఎల్లో కెనరీ’. దాని హీరో గాయకుడు పాట్ బూన్. మత విశ్వాసాల్లో, రాజకీయాల్లో పక్కా సంప్రదాయవాది. అతనూ కోరీ శిష్యుడే. గురువుకు వేషం ఇవ్వాలని అతను పట్టుబట్టడం వల్లే పని జరిగిందంటారు. వామపక్షమని వెలివేసిన మనిషిని తిరిగి లోపలికి తెచ్చింది అటువైపు మనిషే.

తర్వాత పని ఆగలేదు. వాటిలో ఒక సినిమా విడిగా చెప్పుకోవాలి: జాన్ ఫ్రాంకెన్‌హైమర్ తీసిన ‘సెకండ్స్’ (1966). జీవితం మీద విసుగెత్తిన నడివయసు బ్యాంకు ఉద్యోగికి ఒక రహస్య కంపెనీ కొత్త ముఖం, కొత్త జీవితం అమ్ముతుంది. పాత మనిషి చచ్చిపోయినట్టు నమ్మించే ఏర్పాట్లు వివరించే కంపెనీ మనిషి మిస్టర్ రూబీ వేషం కోరీది. ఆయన ఆ సీనులో ఎదుటివాడి కోసం తెచ్చిన చికెన్ తింటూ మాట్లాడతాడు. మాట శవం గురించి, ఖర్చు గురించి. చేతులు ప్లేటులో. గొంతులో బెదిరింపు ఏమాత్రం లేదు, బీమా ఏజెంటు ధోరణి. గ్యారేజీలో చెప్పిన పాఠం మొత్తం ఆ ఒక్క సీనులో దొరుకుతుంది. ఎదురుగా కూర్చున్న జాన్ రాండాల్ఫ్ కూడా బ్లాక్‌లిస్ట్ బాధితుడే. అదే సినిమాలో కంపెనీ పెద్దాయనగా వేసిన విల్ గీర్ కూడా. ముఖం కారణంగా పని పోగొట్టుకున్న ముగ్గురినీ తెచ్చి, ముఖం మార్చుకునే కథలో పెట్టాడు దర్శకుడు.

‘బుచ్ క్యాసిడీ’లో ఆయనది ఒక్క సీను. రాత్రిపూట దొంగలిద్దరూ వచ్చి, సైన్యంలో చేరతాం, క్షమాభిక్ష ఇప్పించమని అడుగుతారు. షెరీఫ్ కోపగించుకుంటాడు. మీ కాలం అయిపోయింది, నెత్తురోడుతూ చస్తారు, ఎక్కడన్నదే మీ చేతిలో ఉంది అని తేల్చేస్తాడు. ఆ మాటలంటూనే తనను తాళ్ళతో కట్టెయ్యమంటాడు, వీళ్ళకు సాయం చేశాడన్న అనుమానం తన మీదికి రాకుండా. నోటితో తిడుతున్నాడు, చేతులు మాత్రం స్నేహితులకు సహకరిస్తున్నాయి. సినిమా ఎలా ముగుస్తుందో సగంలోనే చెప్పేసిన మాటలవి. అంత బరువైన మాటను హీరోల నోట పెట్టకుండా ఇలాంటి నటుడికి ఎందుకిస్తారో చూస్తే తెలుస్తుంది.

అదే 1969లో ‘స్టార్ ట్రెక్’ ఒక ఎపిసోడ్‌లో మబ్బుల్లో కట్టిన నగరానికి పెద్దగా వేశాడు. ఎదురుగా స్పాక్ వేషంలో లెనార్డ్ నిమాయ్. ఒకప్పుడు ఈయన దగ్గర నేర్చుకుని, ఈయన స్టూడియోలోనే పాఠాలు కూడా చెప్పిన శిష్యుడు. ఇప్పుడు స్టార్ అతను, ఒక వారం అతిథి ఈయన. 1970లో ‘లిటిల్ బిగ్ మ్యాన్’లో వైల్డ్ బిల్ హికాక్. తర్వాత ‘నైట్ గ్యాలరీ’ లాంటి టీవీ సీరియళ్ళకు కొన్ని భాగాలు డైరెక్ట్ చేశాడు. 1980లలో ‘కోనన్ ది డిస్ట్రాయర్’ లాంటి వాటిలోనూ కనిపిస్తాడు. అన్నీ గొప్ప వేషాలని కాదు, ఇల్లు గడవడానికి చేసినవీ ఉన్నాయి. ఆ మాటకొస్తే క్యారెక్టర్ ఆర్టిస్టు బతుకే అంత.

చెడులో మంచి జరిగిందనే ముగింపు ఎందుకు కుదరదో ఈ వరుస చూస్తే అర్థమవుతుంది. నిషేధం మొదలయ్యేసరికి ఆయన వయసు 37, ముగిసేసరికి 49కి దగ్గర. క్యారెక్టర్ ఆర్టిస్టుకు ముఖం పండేది, పెద్ద వేషాలు వచ్చేది సరిగ్గా ఆ పన్నెండేళ్ళలోనే. ‘హోమ్ ఆఫ్ ది బ్రేవ్’ నుంచి ‘సెకండ్స్’ దాకా ఒక గీత గీస్తే మధ్యలో ఉండాల్సిన సినిమాలు లేవు. వాటిని ఏ శిష్యుడి విజయంతోనూ పూడ్చలేం. ఇక బోధన అంటారా, అది నిషేధం పెట్టిన భిక్ష కాదు. పాఠాలు ల్యాబ్‌లోనే మొదలయ్యాయి, ఆ ల్యాబ్‌ను మూయించింది కూడా ఈ వేటే. నిషేధం ఎత్తేశాక ఆయన నేర్పడం ఆపలేదు కూడా. నటిస్తూనే దశాబ్దాల పాటు పాఠాలు చెప్పాడు, రాబిన్ విలియమ్స్ తరం వాళ్ళు కూడా ఆ క్లాసులకు వచ్చారు. రెండూ చేయగలిగిన మనిషిని పన్నెండేళ్ళ పాటు ఒక్కటే చేయనిచ్చారు.

కోరీ 2002 ఆగస్టు 16న శాంటా మోనికాలో, కిందపడి తగిలిన దెబ్బల వల్ల చనిపోయాడు. అప్పటికి 88 నిండి ఆరు రోజులు. కూతురు ఎమిలీతో కలిసి రాసుకున్న ఆత్మకథ 2017లో కెంటకీ యూనివర్సిటీ ప్రెస్ ద్వారా అచ్చయింది. దాని ఉపశీర్షికలో ఆయన చెప్పుకున్నది తను వేసిన వేషాల గురించి కాదు, హాలీవుడ్‌కు నటన నేర్పిన జీవితం గురించి.